ఆఖరి పేపరు అయ్యాక

మార్చి ఆఖరి మంగళవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మా లోకల్ బండి భిలాయి-3 స్టేషను దాటి సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. దిగడానికి ప్లాట్‌ఫారం లేదు, లోపల గాలి లేదు. నా ఎదురుగా ఒక ముసలావిడ, ఆవిడ కోడలు, స్కూలు యూనిఫాంలో పదేళ్ల మనవరాలు. పిల్ల పరీక్ష అట్టని గుండెకి అదుముకుని కూర్చుంది.

"ఏటమ్మా, బండెందుకు ఆగిపోనాది?" అంది ముసలావిడ. తల్లీ పిల్లా పలకలేదు.

"సిగ్నల్ పడలేదండీ" అన్నాను నేను.

కోడలు సిగ్గుపడింది. "అలవాటైపోనాది ఆంటీ. పిల్లది ఐదో క్లాసు బోర్డు పరీక్ష. హిందీ రాతలో తెలుగు కలిసిపోతోందని టీచరమ్మ అంటే, దీపావళి నుంచీ ఇంట్లో తెలుగు బంద్ చేసీసినాం. మా అత్తకేమో హిందీ రాదు."

"అయిదు నెలల్నుంచి నాకూ పరీక్షే. నోరు మూసుకునే పేపరు" అని ముసలావిడ నవ్వింది.

కోడలు కూడా నవ్వేసి పిల్ల వీపు తట్టింది. "ఇవాళ్టితో అన్నీ అయిపోనాయి కదా. నానమ్మతో మాట్లాడు."

పిల్ల నోరు తెరిచింది. నానమ్మ ముందుకు వంగింది. పిల్ల ఆవిడని చూసి, తల్లిని చూసి, "రిజల్ట్ కే బాద్, మమ్మీ" అంది. ఫలితాలు వచ్చాకేనట.

"పర్లేదే, నేనే చెప్తున్నాను కదా" అని తల్లి బతిమాలింది. పిల్ల తల అడ్డంగా ఊపి పెదాలు బిగించుకుంది. ముసలావిడ మెల్లగా వెనక్కి జారబడింది. బండి కదల్లేదు.

అప్పటికి పోయినవి అయిదు నెలలు. ఫలితాలకి ఇంకో నెల పడుతుందని కోడలు చెప్పింది. మొత్తం ఆరు.