ఇంగువకు పడ్డ మీసాలాయన

వసుమతి ఏ పని మొదలుపెట్టినా ఇల్లంతా దానికి తలవంచాల్సిందే. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఆమెను ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒక ఏడాది టొమాటోలు పెంచింది. ఆ వేసవిలో వాళ్ళింటికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళు లేరు. ఆ మరుసటేడు పికిల్‌బాల్ ఆట మీద పడింది. భుజం పట్టేసి చాలా రోజులు ఎడమచేత్తో దోసెలు పోసింది, అవన్నీ ఆస్ట్రేలియా పటంలా వచ్చేవి. శాంటా క్లారాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్ ఆమె. పొద్దస్తమానం ఇంకొకళ్ళ కోడ్‌లో తప్పులు పట్టడమే ఉద్యోగం కాబట్టి, సెలవురోజుల్లో కూడా ఏదో ఒకటి పట్టకుండా ఉండలేదని భర్త జగదీష్ అంటూ ఉంటాడు.

చేపలు పట్టాలన్న బుద్ధి కూడా ఆఫీసులోనే పుట్టింది. టీమ్‌లో ఒకతను పెద్ద మీసాల క్యాట్‌ఫిష్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని దిగిన ఫొటో మీటింగ్‌లో చూపించాడు. అందరూ ‘వావ్’ అన్నారు. వసుమతికి మాత్రం ఆ మీసాలు చూడగానే పాలకొల్లులో వాళ్ళమ్మ మామిడికాయ వేసి వండే జెల్ల చేపల పులుసు గుర్తొచ్చింది. ఆ తర్వాత మీటింగ్‌లో ఎవరేమన్నారో ఆమె చెవికెక్కలేదు.

"ఆ మాత్రం చేప నేను పట్టలేనా? చేపల మధ్య పుట్టినదాన్ని!" అంది ఇంటికొచ్చి.

"పట్టు తల్లీ, నన్ను మాత్రం పడవెక్కించకు. నాకు బాత్‌టబ్‌లోనే కళ్ళు తిరుగుతాయి," అన్నాడు జగదీష్.

అలా ఆ అదృష్టం అనురాధకు దక్కింది. అనురాధది హనుమకొండ. పక్క వీధిలో ఉంటుంది, ఒక మందుల కంపెనీకి లెక్కలు చూస్తుంది. పచ్చి శాకాహారి. కేకు కొనాలంటే గుడ్డు కలిసిందేమోనని అట్ట మీది అక్షరాలన్నీ వెనకా ముందూ చదివే మనిషి. అందుకని వసుమతి ఆమెతో చేపల మాటే ఎత్తలేదు.

"శనివారం బోటింగ్‌కి వెళ్దామే అనూ. కాస్త గాలి మారుతుంది," అంది. అనురాధ సంబరపడిపోయి పులిహోర కలిపి తెచ్చింది.

లివర్‌మోర్ కొండల వెనక ఉన్న సరస్సులో, చిన్న మోటారున్న పడవ అద్దెకు తీసుకున్నారు. నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఇద్దరూ నీళ్ళ మధ్యకు చేరారు. వసుమతి లంగరు వేసి, సంచిలోంచి గాలంకర్ర బయటికి తీసింది. అనురాధ మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"గిదేంది వసూ?"

"ఊరికే, టైంపాస్‌కి," అంటూ వసుమతి ఒక డబ్బా మూత తీసింది.

కొండల మీద గాలి కూడా ఒక్క క్షణం ఆగినట్టయింది. కోడి కార్జం, వెల్లుల్లి, గోధుమపిండి, గుప్పెడు ఇంగువ కలిపి ఒక రోజంతా ఊరబెట్టిన ముద్ద అది. క్యాట్‌ఫిష్‌కి కంటికంటే వాసనే ముఖ్యమని ఆమె లంచ్‌టైంలో చూసిన వీడియోలన్నీ ఘోషించాయి. ఘాటైన వాసన అనగానే ఆమెకు ఇంగువ తప్ప మరొకటి తట్టలేదు.

అనురాధ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మరుక్షణం ఆ చున్నీ కిందికి దించి, మళ్ళీ వాసన చూసింది.

"ఆగాగు. గిది నా ఇంగువ కాదూ? మొన్న సాంబార్ల వెయ్యాలె అని అడిగి తీస్కపోయినవ్. మా అక్క ఇండియా నుంచి పంపింది చేపలకు పెడ్తవా?"

"కొంచెమే వేశానే."

"కొంచెమా? లేక్ మొత్తం తిరగమోత పెట్టినట్టుంది!"

కోపమొచ్చి అనురాధ అటు తిరిగి కూర్చుని, వాళ్ళక్కకు ఫోన్ చేసి జరిగిన ఘోరం గట్టిగా వినిపించసాగింది. గాలం నీళ్ళలో ఉంది, చేప జాడ లేదు. కొంచెం దూరంలో ఇంకో పడవలో తెల్లగడ్డం పెద్దాయన ఒకడు తాపీగా ఒకదాని తర్వాత ఒకటి లాగుతున్నాడు. అది చూసి వసుమతికి ఒళ్ళు మండింది.

"మెల్లిగా మాట్లాడవే. చేపలకి వినపడుతుంది."

"విననీ. వాటికి తెలుగొస్తదా?"

లాభం లేదని వసుమతి గాలం పైకి లాగి, వీడియోలో చూసినట్టు భుజం మీదుగా బలంగా విసిరింది. గాలంతో పాటు అనురాధ టోపీ కూడా వెళ్ళి నీళ్ళలో పడింది.

"సారీ, సారీ! ఇది పట్టుకో, ఒక్క నిమిషం," అని కర్ర ఆమె చేతిలో పెట్టి, వసుమతి వలబుట్టతో టోపీని అందుకోబోయింది. గాలం ముల్లు నుంచి ఊడిన టోపీ బాతులా తేలుతూ దూరం జరుగుతోంది. ఇంగువ ముద్ద మాత్రం మెల్లగా అడుక్కి దిగింది.

సరిగ్గా అప్పుడే కర్ర విల్లులా వంగింది.

"అమ్మో! వసూ! ఎవరో గుంజుతున్నరు!"

"చేపే! నాకివ్వు, నాకివ్వు!"

"ఇయ్య!" అంది అనురాధ.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. జన్మలో చీమను తొక్కని మనిషి, కాళ్ళు పడవ అంచుకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి కర్రకున్న చక్రం తిప్పుతోంది. చేప ఎటు పోతే పడవ ముక్కు అటు తిరుగుతోంది. వసుమతి ఆమె జాకెట్ వెనక నుంచి పట్టుకుని ‘వదులు, లాగు, వదులు’ అని అరుస్తోంది. పడవ ఒక పక్కకు ఒరిగింది. పులిహోర డబ్బా జర్రున జారి నీళ్ళలో మునిగిపోయింది.

"నా పులిహోర!" అని అనురాధ చేపవైపు ఉగ్రంగా చూసింది. "ఇగ నిన్ను ఇడువ!"

చివరికి వసుమతి వలబుట్టలో పట్టి దాన్ని పడవలోకి కుమ్మరించింది. మోచేయంత పొడుగు, నున్నటి ఒళ్ళు, పక్కలకు వేలాడే మీసాలు. అది ఒక్కసారి ఎగిరిపడేసరికి ఇద్దరూ చెరో బల్ల మీదికెక్కి నిలుచున్నారు.

"పట్టుకోవే! చేపల మధ్య పుట్టినదానివి గద!"

వసుమతికి అప్పుడు గుర్తొచ్చింది. పాలకొల్లులో చేపలు ఇంటికొచ్చేసరికి ముక్కలై ఉండేవి. బతికున్న చేపను ఆమె ఇంతవరకూ వేలితో కూడా తాకలేదు.

చేప నోరు తెరిచి ‘గుర్ర్’ మంది.

"ఏమో అంటున్నడే," అంది అనురాధ గొంతు తగ్గించి. "అచ్చం మా మామ లెక్కనే ఉన్నడు. భోంచేసినంక ఆయన గూడ గిట్లనే అంటడు."

అరుపులు విని తెల్లగడ్డం పెద్దాయన పడవ దగ్గరికి తెచ్చాడు. బల్లల మీద నిలుచున్న ఇద్దరు ఆడవాళ్ళనూ, కింద దర్జాగా పడుకున్న చేపనూ చూసి, నవ్వాపుకుంటూ పటకారుతో ముల్లు తీశాడు. రెక్కల దగ్గర ముళ్ళుంటాయి, జాగ్రత్త అని చెప్పి, "ఉంచుకుంటారా, వదిలేస్తారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"వదిలేద్దాం," అంది వసుమతి. ఆ గుర్రు విన్నాక పులుసు మీద ఆశ చచ్చిపోయింది.

"ఉంచుకుంటం!" అంది అనురాధ.

వసుమతి తెల్లబోయింది. "నువ్వు వెజిటేరియన్‌వే!"

"తినను. కానీ మా ఆయనకు చూపించాలె గద! ఉత్తగ చెప్తే నమ్ముతడా?"

ఫొటో తీసుకుని వదిలేద్దామని రాజీ కుదిరింది. అనురాధ చున్నీ చేతులకు చుట్టుకుని, పెద్దాయన అందించిన చేపను, "జర కదలకుండ్రి మామా," అంటూ మర్యాదగా అందుకుంది. వసుమతి పక్కన చేరి ఫోన్ పైకెత్తింది. మామగారు సరిగ్గా ఆ క్షణంలో ఒళ్ళు విదిల్చి, తోకతో వసుమతి చెంప ఛెళ్ళుమనిపించి, నీళ్ళలోకి దూకేశాడు.

ఫొటోలో వసుమతి తెరిచిన నోరు, అనురాధ ఖాళీ చేతులు, పైమూల ఒక తోక పడ్డాయి.

పెద్దాయన ఏం ఎర వేశారని అడిగాడు. వసుమతి డబ్బా ఇచ్చింది. ఆయన వాసన చూశాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు, మిగిలిందంతా ఇవ్వగలరా అని బతిమాలాడు.

ఆ సాయంత్రం జగదీష్ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ ఎవరు ఎవర్ని పట్టారు?" అన్నాడు. వసుమతి చెంప తడుముకుంది.

వారం మధ్యలో అనురాధ నుంచి ఫోన్. "శనివారం ఖాళీయేనా? చేపలు పట్టే లైసెన్స్ తీస్కున్న. గ్లౌజులు గూడ ఆర్డర్ చేసిన."

"నీకు చేపల వాసనే పడదు కదే!"

"చేపను తింటనని ఎవరన్నరు? ఆ మీసాలాయనతోని నాకు లెక్క తేలలేదు," అంది అనురాధ. "ఈసారి ముందు కూసునేది నేను. నువ్వు ఫోన్ పట్టుకో చాలు."