మొదలు పట్టే చిట్టియ్య

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే ముందు పాదాలు వచ్చాయి, ఆ తరవాత నేను వచ్చాను. అలా పుట్టినవాడు మూడుసార్లు తంతే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఎనిమిదేళ్లప్పుడు మా లెక్కల మాస్టారిని కూడా తన్నాను. ఆ వారం బడిలో నాకు దక్కిన గౌరవం మళ్లీ జన్మలో దక్కలేదు. చిక్కేమిటంటే, ఎనభై ఎనిమిది కేజీల మనిషినై, కడియంలో ఓ నర్సరీకి గుమస్తానై, అందరికీ పంతులుగారినయ్యాక కూడా జనం నా ముందు బోర్లా పడుకోవడం మానలేదు.

ఆ నర్సరీలో లోడింగ్ జట్టుకి పెద్ద చిట్టియ్య. పదహారో ఏట చేరాడు. అప్పట్లో మందారాలూ, క్రోటన్లూ తట్టల్లో పెట్టి లారీకి అందించేవారు. రెండువేల సంవత్సరం దాటాక పెద్ద ఇళ్లవాళ్లకి మొక్క ఎదిగేదాకా ఆగే ఓపిక పోయింది. నిలువెత్తు పామ్ చెట్లని వేళ్లచుట్టూ మట్టిగడ్డతో తవ్వి, గోనె చుట్టి ఎక్కించడం మొదలైంది. ఆకుల వైపు ఎవరైనా పట్టేవారు. మట్టిగడ్డ ఉన్న మొదలు వైపు మాత్రం చిట్టియ్యది. "మొదలు నాదిరా" అంటూ తువ్వాలు బిగించి, నడుం వంచి ఎత్తి, ఆ బరువుతోనే గిర్రున లారీ వైపు తిరిగేవాడు. చూడ్డానికి ఎంత బాగుండేదో! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

రెండువేల నాలుగులో అతనికి ఎడమ పిర్రలో నొప్పి పుట్టింది. తొడ వెనకనుంచి పిక్కదాకా తీగ లాగినట్టు దిగేది. అందరం కాలినే చూశాం. వాతం అనుకుని అతని భార్య పాపాయమ్మ వంకాయ వండడం మానేసి, పిక్కకి నూనె రాసింది. చదువుకున్నవాణ్ణి కదా, నేను చెప్పులు మార్చమన్నాను. దగ్గినా తుమ్మినా కాలు జివ్వుమంటోందని అతను చెబుతూనే ఉన్నాడు. దగ్గుకీ కాలికీ ఏంటి సంబంధమని ఒక్కరం కూడా అడగలేదు.

ఓ సాయంత్రం నేను లెక్కలు రాసుకునే షెడ్డులోకి కుంటుతూ వచ్చాడు.

"పంతులుగారండీ, ఓ మూడు తన్నండి. రేపు బెంగుళూరు లోడు. నేను లేకపోతే మొదలు లోవరాజు పట్టేస్తాడండి."

"వాడు కుర్రాడు, పట్టనీవయ్యా."

"ఒకసారి పట్టేడంటే మళ్లీ నాకిస్తాడేంటండీ?"

అతను బోర్లా పడుకుంటే, స్తంభం పట్టుకుని నడుం మీద రెండుసార్లు మెల్లిగా తన్నాను. "దోమ వాలిందాండీ?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. మూడోది మడమతో గట్టిగా వేశాను. అతను "అమ్మా" అని, కాసేపు లేవలేదు. లేచాక "తేలిగ్గానే ఉందండి" అన్నాడు, నా మొహం చూడకుండా.

మర్నాడు మొదలెత్తి లారీ వైపు తిరుగుతూనే కూలబడ్డాడు. మధ్యాహ్నానికి ఎడమ పాదం లేవలేదు. మూత్రం ఆగిపోయింది.

రాజమండ్రిలో డాక్టరుగారు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు. "నొప్పి కాల్లో ఉన్నా రోగం నడుంలో ఉందండి. పూసకీ పూసకీ మధ్య దిండులాంటిది ఉంటుంది. ఏళ్ల తరబడి వంగి, మెలితిరిగి బరువులెత్తితే అది చీలి, లోపలి గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది. కాల్లోకి దిగే నరాలు అక్కడే ఉంటాయి, వాటిని నొక్కేస్తుంది. దగ్గితే ఆ నొక్కుడు ఇంకా ఎక్కువవుతుంది. ఈ మధ్య ఎవరైనా నడుం తొక్కారా?"

చిట్టియ్య గోడవైపు తిరిగి, "లేదండి" అన్నాడు. నేను కూడా ఆ గోడనే చూశాను.

ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. పాదంలో బలం మాత్రం తిరిగి రాలేదు, మూత్రం మీద అదుపూ రాలేదు. మరుసటేడు, నర్సరీలోనే మట్టి పనిచేసే పాపాయమ్మ పక్కన పీటమీద కూర్చుని సంచుల్లో మట్టి నింపేవాడు. నడుముకి బిగించే తువ్వాలు ఇప్పుడు తడి కనపడకుండా ఒళ్లో పరుచుకునేవాడు. మనుషులు దగ్గరికొస్తే కాస్త పక్కకి జరిగేవాడు.

ఓ పొద్దున, ఇప్పుడు మొదలు పడుతున్న లోవరాజు వచ్చి నా ముందు బోర్లా పడుకున్నాడు. "పిర్రలోంచి పిక్కదాకా లాగేస్తందండీ. మూడు తన్నండి, లారీ ఆగి ఉంది."

చిట్టియ్య చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

"లేవరా," అన్నాను. "నేను తన్నిన మర్నాడే చిట్టియ్య పడిపోయాడు. పద, డాక్టరు దగ్గరికి."

"ఊరుకోండి పంతులుగారూ," అన్నాడు చిట్టియ్య. "బరువులు మోసింది నేను కదండీ."

పాపాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "డాక్టరుగారు అడిగితే లేదన్నావేంటి?"

"ఆయన పరువు పోద్దని."

ఆమె అతని ఒళ్లో తువ్వాలు వంక చూసింది. "మరి నీది?"

ఆ తరవాత పాపాయమ్మ నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ.

లోవరాజుని పట్టుకుని గేటు దాటుతుంటే వెనక నుంచి చిట్టియ్య గొంతు వినిపించింది. అక్కడ లారీ దగ్గర మొదలెవరు పట్టాలో తెలియక జట్టు తచ్చాడుతోంది.

"నడుం వంచకండ్రా! మోకాళ్లొంచి ఎత్తండి! ఎత్తి తిరక్కండి, అడుగు మార్చండి!"

పీటమీంచి లేవకుండానే, ఆ లోడంతా ఎక్కేదాకా అరుస్తూనే ఉన్నాడట.