బిక్షమ్మ పత్తెం

దేవరకొండ పక్క పల్లెలో బిక్షమ్మ మాటకు మందు కన్నా విలువెక్కువ. ఎవరికి చెయ్యి తెగినా, కాన్పయినా, ఆపరేషనైనా ఆమె వచ్చి పత్తెం చెప్పాల్సిందే. గుడ్డు వద్దు, మాంసం వద్దు, చేప అసలే వద్దు, వంకాయ వాసన కూడా తగలొద్దు. తింటే పుండు చీము పడుతుంది. మిరియాల చారు, మెత్తటి అన్నం, అంతే. ఆమె కంచం దగ్గర నిలబడితే ఊరి పెద్దమనుషులు కూడా గుటకలు మింగి ఊరుకునేవారు.

అట్లాంటి మనిషికి దొరికిన మొగుడేమో పెండ్లిళ్లకు వంట చేసే పెద్దులు. అతను పొట్టేలు కూర వండితే నాలుగూళ్లు చెప్పుకునేవి. రెండేళ్ల కింద ఒక పెండ్లిలో అన్నం వారుస్తుంటే డేగిషా గిన్నె జారి, మరిగే గంజి కుడికాలి మీద మోకాలి నుంచి మడమ దాకా పడింది. పక్కనున్నవాళ్లు మేలు చేద్దామనుకుని, చల్లటి నీళ్లు పోయాల్సింది పోయి పళ్ల పేస్టు పూశారు. నల్లగొండలో దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ ఉజ్మా ముందుగా ఆ పేస్టంతా కడిగించింది.

చచ్చిన తోలు తీసేసి, వెండి కలిసిన మందుతో కట్లు కట్టారు. పుండు శుభ్రపడ్డాక కుడి తొడ మీద పలచటి తోలు పొర కోసి కాలికి అతికించారు.

"గిది అతుక్కుంటె నడుస్తడు పెద్దమ్మా. అతుకకపోతె పుండు ముడుసుకపోయి మోకాలు వంగినకాడ్నే ఉంటది" అని ఉజ్మా బిక్షమ్మకు ముందే చెప్పింది.

వంగిన మోకాలితో పొయ్యి దగ్గర నిలబడేదెట్లా? బిక్షమ్మకు భయం పట్టుకుంది. భయపడిన మనిషి తనకు తెలిసిన పనే ఇంకా గట్టిగా చేస్తుంది కదా, ఆమె పత్తెం బిగించింది. దవాఖానలో ఇచ్చే గుడ్లు, పాలు పక్క మంచం మీది ఫక్రుద్దీన్‌కు పోయేవి. వెల్డింగు మంటకు చెయ్యి కాలి వచ్చిన మనిషాయన. రెండు వాటాలు తిని నిగనిగలాడుతున్నాడు, చెయ్యి కూడా మానుతోంది. పెద్దులు మాత్రం చారన్నంతో చిక్కి సగమయ్యాడు.

కట్టు విప్పిన రోజు అతికించిన తోలు సగానికి పైగా గుడ్డతో పాటే ఊడి వచ్చింది. ఉజ్మా ముఖం వాడిపోయింది.

"ఏం తింటున్నడు?" అని అడిగింది.

"గుడ్లన్నీ పక్కాయినకే పోతున్నయి మేడం" అంది నర్సు మెర్సీ.

బిక్షమ్మ తగ్గలేదు. "నీసు పెడ్తె చీము పట్టదా డాక్టరమ్మా?"

"ఇటుకల్లేకుంట మేస్త్రి గోడెట్ల కడ్తడు? గుడ్లు, పప్పు, మాంసం తింటేనే కొత్త తోలు మొలుస్తది. కొన్ని దేశాలల్ల చాప తోలునే శుద్ధి చేసి కాలిన పుండు మీద పరుస్తున్నరు."

"పుండు మీద చాపనా!" బిక్షమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఇంకో తీరు గూడ ఉన్నది. జరంత తోలు తీసి, దాంట్ల కణాలు విడదీసి, చేనుకు మందు కొట్టినట్టు పుండు మీద చల్లుతరు. మన దగ్గర అవి ఇంకా అందరికి అందుతలేవు. ఈయినకు మళ్ల తొడ కొయ్యాల్సిందే."

తిక్క దేశాలు, తిక్క వైద్యాలు అనుకుంటూ బిక్షమ్మ ఇంకో మాట అనబోయింది. అంతలో మంచం మీది నుంచి పెద్దులు మెల్లగా అన్నాడు.

"ఆకలైతాందే. మొదటి సంది ఐతనే ఉన్నది."

"మరి నోరెందుకు తెర్వకపోతివి?"

"నీ పత్తెం వద్దంటె నీ మొఖం చిన్నగైతది గద."

ఊరందరి కడుపు నింపిన మొగుణ్ని బిక్షమ్మ తన చేతులతోనే ఎండబెట్టింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నా తోలు తియ్యి బిడ్డా. ఆయినను మళ్ల కొయ్యకు" అని ఉజ్మా చెయ్యి పట్టుకుంది.

"వేరేటోళ్ల తోలు కొన్ని రోజులే ఉంటది పెద్దమ్మా, తర్వాత ఊడిపోతది. కడదాక నిలిచేది ఆయినదే."

బిక్షమ్మ గుడ్లు ఒలిచింది, బయటి నుంచి మాంసం కూర తెప్పించింది. చీము పడుతుందేమోనన్న భయం పూర్తిగా పోలేదు, అయినా ముద్దలు పెట్టింది. ఒంట్లో బలం వచ్చేదాకా ఆగి, ఎడమ తొడ కోసి మళ్లీ అతికించారు. ఈసారి తోలు నిలిచింది.

ఇప్పుడు పెద్దులు పెండ్లిళ్లకు పోతున్నాడు. మచ్చ ఉబ్బకుండా బిగుతు మేజోడు వేసుకుంటాడు. అది వేసే ముందు రోజూ పొద్దున బిక్షమ్మే కొబ్బరినూనె రాస్తుంది. ముందుగా ఎడమ తొడకు రాస్తుంది.

"మానిన తొడకెందుకే? కాలికి రుద్దు" అన్నాడొకరోజు.

"కాలు గంజి చేసిన పాపం. గిది నేను చేసిన పాపం" అంది చెయ్యి ఆపకుండానే.

పెద్దులు ఆమెకు అందేలా కాలు ఇంకాస్త చాపాడు.