స్క్రూల మీద ఎర్రగీత

నాకు సర్టిఫికెట్టు లేదు. ఎనిమిదో తరగతిలో చదువు ఆగింది. దోహాలో తుపాకులు బాగుచేసే షెడ్డులో స్టోరు కిటికీ దగ్గర సామాను అందిస్తూ మొదలుపెట్టాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే రైఫిళ్ళతో వచ్చిన పుస్తకాలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక్కో పేజీకి వారం పట్టేది. మూడేళ్ళకి నన్ను పనిబల్ల దగ్గర నిలబెట్టారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆ బల్ల నాది.

సైనిక రకం రైఫిలు రెండు ముక్కలుగా విడిపోతుంది. ట్రిగ్గరు ఉండేది కింది సగం. గొట్టం, బోల్టు, గురిచూసే అద్దం ఉండేది పై సగం. దాన్ని అప్పర్ అంటారు. అది కూర్చి, అద్దం బిగించడం నా పని. అద్దం స్క్రూలకి టార్క్ రెంచి పెట్టి తిప్పితే, చాలినంత బిగిశాక అది టక్కుమంటుంది. అప్పుడు స్క్రూ తల మీంచి పక్క ఇనుము మీదకి చిన్న గీత గీస్తాం. తర్వాత స్క్రూ కదిలితే గీత విరుగుతుంది. కంపెనీ ఇచ్చే రంగు పెన్నులు ఆ ఎండకి ఎండిపోయేవి. అందుకని ఉమ్ ఘువైలినాలో మా ఇంటి కింద కొట్లో మా ఆవిడ కొనుక్కునే ఎర్ర గోళ్ళరంగు తెచ్చాను. షెడ్డంతా అదే అలవాటయింది.

అరవై దాటినవాడికి మా కంపెనీ ఏడాదికోసారి పొడిగింపు ఇస్తుంది. కిందటేడు నా కాగితం మేనేజరు బల్ల మీద ఉండగా ఈ గొడవ జరిగింది.

హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు నా పైవాడు. పరీక్ష కాల్పులకి ముందురోజు పొద్దున్నే బల్ల దగ్గరకి వచ్చాడు.

"అంకుల్, మీరు ట్రేలు సర్దుకోండి. మిగిలిన అద్దాలు నేను పెట్టేస్తా."

"రెంచి టక్కుమన్నాకే గీత పెట్టండి బాబూ."

"తెల్సు అంకుల్. నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నోణ్ణి కాదు."

"నేనూ కాదులెండి. నేను నేర్చుకున్నప్పుడు అది లేదు."

ఆయన చేసిందేమిటంటే, రంగు ఆరడానికి టైం పడుతుందని ముందే తన వంతువాటన్నిటికీ గీతలు పెట్టేశాడు. ఇంతలో మీటింగుకి పిలుపొచ్చింది. తిరిగొచ్చి గీతలు చూసి, బిగించేశాననుకున్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు వక్రా దాటాక ఉన్న మైదానంలో మూడో రైఫిలు గుండ్లు తలో దిక్కూ పోయాయి. రైఫిళ్ళు తీసుకోవడానికి వచ్చిన అరబ్బు ఆఫీసరు అద్దం పట్టుకుని ఊపితే ఊగింది. మేనేజరు నావైపు తిరిగాడు.

"చాచా, యే లాల్ రంగ్ తుమ్హారా హై నా?"

రంగు నాదే. చెయ్యి నాది కాదు. మాటలతో చెబితే వింటారా? రెంచి అడిగి తీసుకున్నాను. ఆ అద్దం స్క్రూ మీద పెట్టి తిప్పితే అరచుట్టు తిరిగాక గాని టక్కుమనలేదు. గీత రెండు ముక్కలయింది. తర్వాత నేను బిగించిన రైఫిలు తీసి పెట్టాను. స్క్రూ వెంట్రుకవాసి కదలకుండానే టక్కుమంది. గీత అలాగే ఉంది.

ఆఫీసరుకి అర్థమైంది. "ఖలాస్, ఇక చాలు. ఈ ముసలాయన చేసినవే ఇవ్వండి" అన్నాడు. ఇంజనీరు నేల చూశాడు.

గెలిచాననుకున్నాను. నాకు ఆ వయసులోనూ బుద్ధి రాలేదు!

వారం తర్వాత ఇంజనీరు రాసిన రిపోర్టు వచ్చింది. అద్దం ఊగడానికి కారణం: అనుమతి లేని రంగు వాడటం, సర్టిఫికెట్టు లేని మనిషి బల్ల దగ్గర పనిచేయడం. నా పొడిగింపు మీద సంతకం పడింది, స్టోరు మనిషిగా. ఇంజనీరు నన్ను వరండాలో ఆపాడు.

"ఏమనుకోకండి అంకుల్. నా పేరు మీద రిమార్కు పడితే ఇంకే కంపెనీ తీస్కోదు. నాకిద్దరు పిల్లలు."

"నాకు ఆ బల్ల ఒక్కటే ఉంది బాబూ."

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. నేనూ ఆగలేదు.

ఇప్పుడు మళ్ళీ అదే కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. బల్ల దగ్గర రెంచి టక్కుమనే చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. కొన్నిసార్లు రెండు స్క్రూలకి ఒక్క చప్పుడే వినిపిస్తుంది. లేచి వెళ్ళబోయి కూర్చుంటాను. కొత్తగా కొన్న రంగు పెన్నులు పదిహేను రోజులకే ఎండిపోయాయి. మొన్న ఇంజనీరే కిటికీ దగ్గరకి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అంకుల్, ఆ గోళ్ళరంగు ఇంకా ఉందా?"

స్టోరు జాబితా తీసి, పైనుంచి కిందదాకా వేలుపెట్టి చదివాను.

"ఇందులో లేదండి" అన్నాను.

సీసా నా చొక్కా జేబులోనే ఉంది. ఆయనకీ కనిపిస్తూనే ఉంది.