ఎడమవైపు గిటారు

“సైకిలాయన బెల్లు కొట్టాడండీ. కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, జర్మన్‌లో తిట్టాడు కూడా. రోడ్డు మీద అందరూ విన్నారు, మీరు తప్ప.”

“ఎడమ దిక్కుకెళ్ళి వచ్చిండు. నాకేం తెలుస్తది?”

“శ్రీవల్లి మీ చెయ్యే పట్టుకుని ఉంది. హ్యాండిల్ దాని మోచేతికి గీసుకుపోయింది. ఇంకో జానెడు ఇటొస్తే?”

“రాలే గదా. దానికీ పాటలకూ ఏం సంబంధం మనోజ్ఞా?”

“ఉన్న ఒక్క చెవినీ ఆ రొదకి ధారపోస్తున్నారు, అదీ సంబంధం. రేపు అదీ పోతే పిల్ల మిమ్మల్ని ఏ వైపు నుంచి పిలవాలి?”

గోడకు ఇవతల నేను ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగిపోయాను. బయటికి పోవాలంటే వాళ్ళ హాల్లోంచే పోవాలి. మొగుడూ పెళ్ళాల మధ్యనుంచి బూట్ల చప్పుడు చేసుకుంటూ నడిచేంత ధైర్యం నాకు లేదు.

వోల్ఫ్స్‌బర్గ్‌లో ఆ ఫ్లాట్ శశికాంత్ అన్నది. కరీంనగర్ మనిషి, నలభై దాటాయి, కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే చిన్న సంస్థలో బ్లూ కార్డ్ వీసా మీద ఉద్యోగం. మనోజ్ఞ వదినది కాకినాడ. కూతురు శ్రీవల్లి రెండో తరగతి. వాళ్ళ చిన్న గదిలో అద్దెకుంటాను నేను. ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ సగంలో వదిలేసి ఇక్కడ బేకరీలో పని నేర్చుకుంటున్నాను. దాన్ని చదువు నాశనం చేసుకోవడం అంటారు మావాళ్ళు. ఈ ఊళ్ళో పరిచయమైన ప్రతి తెలుగువాడూ ఎందుకు వదిలేశావని అడిగాడు. శశికాంత్ అన్న మాత్రం మొదటిరోజు “ఏమేం ఇంటవ్ తమ్మీ?” అని అడిగాడు.

ఆయన వినేది మనవాళ్ళెవరూ వినని సరుకు. జాజ్. పాటను ముక్కలు చేసి అతికించే ప్రయోగాల రాక్. అన్నిటికంటే ఎక్కువగా షూగేజ్. గిటార్ల మీద గిటార్లు పేర్చి గోడ కట్టి, పాడేవాడిని ఆ గోడ వెనక నిలబెట్టే సంగీతం అది. వాయించేవాళ్ళు తల వంచి కాళ్ళ దగ్గరి పెడళ్ళనే చూస్తుంటారు కాబట్టి ఆ పేరు. శనివారం సామాన్లు తెచ్చి ఫ్రిజ్‌లో సర్దాక బాల్కనీ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, ఒక ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వినేవాడు. విన్నాక నాలుగైదు వాక్యాలు తెలుగులో రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. గ్రూపులో ఆకెన్‌లో ఉండే తెలుగు కుర్రాళ్ళు కొందరు, హైదరాబాద్ స్నేహితులు కొందరు. సగంమంది చదవరు. రాసినవన్నీ గొప్పవేం కాదు, కొన్ని ఉత్త చెత్త. కానీ ఇలాంటిది ఒకటి తగిలేది:

“రెండో పాట దాకా కాచిన పాలు. మూడో పాట నుంచి పొయ్యి మీద మరిచిపోయిన పాలు. అయినా గిన్నె గోకి తిన్నాను. మాడిన మీగడ రుచి తెలిసినవాళ్ళకే ఈ రికార్డు.”

పోయిన ఫిబ్రవరిలో లైప్‌జిగ్ కుర్రాళ్ళ షూగేజ్ ఆల్బమ్ ఒకటి విన్నాడు. రివ్యూ పెట్టాడు:

“ఎడమవైపు గిటారును నీళ్ళలో ముంచేశారు. కుడివైపు మనిషి ఒడ్డున నిలబడి పిలుస్తుంటాడు, ఎడమవైపు మనిషి మునిగిపోతూ జవాబిస్తాడు. ఇంత తెగింపు ఈ మధ్య ఏ రికార్డులోనూ లేదు.”

ఆ మాటలు నచ్చి నేనూ విన్నాను. ఏమీ మునగలేదు. రెండు వైపులా గిటార్లు సమానంగా హోరెత్తుతున్నాయి. వంటింట్లో ఎదురుపడితే చెప్పాను.

“అన్నా, ఎడమవైపు బానే ఉంది. మీ హెడ్‌ఫోన్స్ పోయినట్టున్నాయి.”

“నీయి సస్తా మాల్. వాటిల్ల ఏం తెలుస్తది?” అన్నాడు. అని, కొత్త కేబుల్ తెప్పించాడు. కేబుల్‌తో కాకపోతే కొత్త హెడ్‌ఫోన్సే తెప్పించాడు. పార్సెల్ కోసం ఎదురుచూస్తూ వారం గడిపాడు. మామూలు పాటలు వినేవాడైతే మొదటిరోజే పసిగట్టేవాడు. ఈయన వినేదాంట్లో గొంతు మసకగా ఉండటమే గొప్ప, హోరే అందం. ఎక్కడ చెడిందో ఎలా తెలుస్తుంది?

కొత్తవి వచ్చిన రోజు వాటిలోనూ ఎడమవైపు మునిగే ఉందంటే నాకే విసుగొచ్చి, “ఒకసారి ఉల్టా పెట్టుకోండన్నా” అన్నాను. తిప్పి పెట్టుకున్నాడు. ఎడమ డొప్ప కుడి చెవికి వచ్చింది. గిటారు హాయిగా మోగింది. ఇప్పుడు కుడి డొప్ప మునిగిపోయింది. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, ఎడమ చెవి దగ్గర చిటికె వేసుకుని చూసుకున్నాడు.

వదిన నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి గోరువెచ్చగా పోసింది. ఆయన చెవుల డాక్టర్ కోసం ఆన్‌లైన్‌లో వెతికాడు. నెలాఖరుకు అపాయింట్‌మెంట్ దొరికింది. “టెర్మిన్ దొరికిందా?” అని వదిన అడిగితే “దొరికింది” అన్నాడు, సగం రోగం నయమైన మొహంతో. నేనూ సంతోషించాను. ఈ దేశం మాకు మొదట నేర్పేది అదే. టెర్మిన్ లేకుండా ఏ తలుపూ తట్టకూడదు. అద్దె ఇంటికైనా, వీసాకైనా, పిల్ల బడికైనా. ఆ బుద్ధి ఎముకల్లోకి దిగిపోయింది. ఒక చెవి ఉన్నట్టుండి వినడం మానేస్తే అదే రోజు ఆసుపత్రికి పోవచ్చని, పోవాలని, మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

నెలాఖరున డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద గీతలు చూసి, ఎప్పటినుంచి అని అడిగింది. చెప్పాడు. అప్పుడే ఎందుకు రాలేదంది. “టెర్మిన్ ఇవాళ్టికే ఉంది” అన్నాడట. ఆవిడ పెన్ను కింద పెట్టి ఆయన మొహంలోకి చూసిందట. మొదటి రోజుల్లో మందులు మొదలుపెడితే తిరిగి రావచ్చు, ఇప్పుడు ఆశ తక్కువ అంది. మాత్రలు వాడాడు. మొహం ఉబ్బింది, నిద్ర కరువైంది, చెవి మాత్రం రాలేదు. కుడి చెవిలో ఏ మార్పు వచ్చినా క్షణం ఆగొద్దని చెప్పి పంపింది.

అప్పటినుంచి ఇంట్లో కుర్చీలు మారాయి. భోజనాల దగ్గర ఆయన ఎడమ గోడవారకు, మేమంతా కుడివైపు. శ్రీవల్లి పరుగెత్తుకొచ్చి ఎడమవైపు ఏదో చెప్పడం మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, “ఆండెరె జైటె, పాపా”, అవతలి వైపు నాన్నా, అంటూ చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చేది. అది దానికి ఆటైపోయింది. ఆయన నవ్వేవాడు. దాన్ని నవ్వనడం నా మర్యాద.

వినడం మానలేదు. ఫోన్లో రెండు వైపులనూ కలిపి ఒకే చెవికి పంపే సౌకర్యం ఉంది, చూపించాను. “పప్పు, పెరుగు, తొక్కు అన్నీ ఒకే గ్లాసుల పోసి తాగుమంటవా?” అన్నాడు. ఏప్రిల్‌లో ఒక జాజ్ ఆల్బమ్ మీద ఇలా రాశాడు:

“పియానో, బేస్, డ్రమ్స్. డ్రమ్స్ ఎడమవైపు కూర్చున్నాయట. నాకు ఇద్దరే వినిపించారు. మూడో మనిషికి విస్తరి వేసి, రాకపోతే మడిచేసిన ఇల్లులా ఉంది. ఆ తప్పు వాళ్ళది కాదు, కాబట్టి మార్కులు వేయను.”

గ్రూపులో ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. ఇంకొకరు బయటికెళ్ళిపోయారు. ఆయన రాసినవాటిలో అంత బాగా రాసింది ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటాను.

ఇదీ సైకిల్ రోజు వరకు సంగతి. హాల్లో గొడవ అణిగాక నా తలుపు తెరుచుకుంది. వదిన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆ కొత్త హెడ్‌ఫోన్స్.

“ఇవి నీ గదిలో పెట్టు రవీ. ఆయనొచ్చి అడిగినా ఇవ్వకు.”

“వదినా, మీ మధ్యలో నన్ను...”

“ఇంట్లో అద్దెకుంటున్నావు, మధ్యలోనే ఉన్నావు. పెట్టు.”

మంచం మీద పెట్టి పిల్ల మోచేతికి మందు రాయడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయన వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు, కుడి చెవి నా వైపు తిప్పి. ఇవ్వనని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ఆయన హెడ్‌ఫోన్స్ వైపు చూడనైనా లేదు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. గ్రూపుకు ఇంకా పంపని రివ్యూ. నిన్న సాయంత్రం విన్న ప్రయోగాల రాక్ రికార్డు మీద.

“రేకు డబ్బాల మీద కర్రలు, మధ్యలో ఎవరో మంచి నీళ్ళు తాగుతున్న చప్పుడు. ఇవన్నీ వస్తాయి, పోతాయి. కుడివైపు మాత్రం మొదటినుంచి చివరిదాకా సన్నటి ఈల ఒకటి ఆగకుండా సాగుతుంది, కుక్కర్ కూతకు ముందు వచ్చేలాంటిది. పాట ఆగినా అది ఆగదు. ఎవరు వాయించారో కానీ మహా ఓపిక గలవాడు.”

చదివి తలెత్తాను. పాట ఆగినా ఆగదు అన్న మాట దగ్గరే నాకు అర్థమైంది, ఆ ఈల రికార్డులోది కాకపోవచ్చని. ఆయనకూ అక్కడే అర్థమై ఉంటుంది, అందుకే పంపలేదు.

“ఇప్పుడు ఇనబడుతున్నదా అన్నా?”

“ఇప్పుడు నువ్వు మాట్లాడుతున్నవ్. సరిగ తెలుస్తలేదు.” గొంతు తగ్గించాడు. “మనోజ్ఞకు ఇంకా చెప్పలే. పొద్దుటి నుంచి సైకిల్ గొడవల్నే ఉన్నది.”

“హెడ్‌ఫోన్స్ ఇవ్వొద్దని చెప్పింది.”

“నాకియ్యకు. నువ్వే పెట్టుకో. మొత్తం ఇను, నడుమ ఆపకు. ఈల ఉంటే ఉన్నదని చెప్పు, నేను పోయి పండుకుంట. లేకుంటే లేదని మొహం మీదనే చెప్పు తమ్మీ, పోయినసారి చెప్పినట్టే. ఈసారి టెర్మిన్ తీసుకోను, సీదా దవాఖానకే. కోటు ఏసుకునే ఉన్న.”