సీసాలో తగ్గిన కిరసనాయిలు

మా సైన్సు సారు పోయినారన్న కబురు ఫోనులో వచ్చింది. అప్పుడే పూజ ముగించి లేచినాను. చేతికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో సారు ఫోటో పెట్టినారు. దాని కింద ఒక్కొక్కరూ రాస్తా పోయినారు. దేవుడులాంటి మనిషి అని ఒకరు, నాకు లెక్కలు కూడా ఆయనే నేర్పినారని ఇంకొకరు. ఒకాయన మటుకు ఇట్లా రాసినాడు: "మంచి సారే. ఆ బీరువా విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండింటే హెడ్మాస్టరు అయ్యుండేవాడు."

దానికి చానామంది చేతులు జోడించిన బొమ్మ పెట్టినారు. ఆ పొద్దు నేనేమీ రాయలేదు. ఇప్పుడు రాస్తాండాను. ఆ అజాగ్రత్త సారుది కాదు, నాది. ఆయన బతికుండగా చెప్పవలసిన మాట ఇది.

మాది తమిళ రాష్ట్రంలో డెంకణికోట పక్క తెలుగు పల్లె. చేను దాటితే అడివి. బడిలో తెలుగులో సైన్సు చెప్పేది ఆయనొక్కరే. సైకిలు మీద వచ్చేవారు. జేబులో ఉడకబెట్టిన శెనక్కాయలు ఉండేవి. సరైన జవాబు చెప్పినవాడికి ఒకటి, తప్పు చెప్పినా ధైర్యంగా చెప్పినవాడికి రెండు ఇచ్చేవారు.

పరమాణువు పాఠం ఆయన తరగతిలో చెప్పలేదు. అందరినీ గ్రౌండులోకి తోలుకొనిపోయి, క్లాసు లీడరునని నా అరచేతిలో ఒక రాగిగింజ పెట్టి నడిమధ్య నిలబెట్టినారు. మిగతావాళ్ళను కంచె దాకా నడవమన్నారు. గింజ కేంద్రకం. కంచె దగ్గర తిరిగేవాళ్ళు ఎలక్ట్రాన్లు.

"ఏమప్పా, ఆడనుంచి గింజ కనపడతాందా?"

"లీడరమ్మే ఇంత చిన్నగా కనపడతాంది సార్. ఇంక గింజ యాడ?"

"బరువంతా ఆ గింజలోనే ఉండాది. మరి గింజకూ మీకూ నడుమ ఏముండాది?"

"గడ్డి సార్."

"మేకలు సార్."

అందరమూ నవ్వినాము, ఆయనా నవ్వినారు. నవ్వి, "ఏమీ లేదప్పా. ఖాళీ. నువ్వూ నేనూ ఆ మేకా, అంతా ఈ ఖాళీతో కట్టిన ఇండ్లే" అన్నారు. ఆ సాయంత్రం నేను నా చెయ్యి చానాసేపు చూసుకున్నాను.

నేను అప్పుడే పూజలూ ఉపవాసాలూ చేసే పిల్లను. సారు గుడికి పోయే మనిషి కాదు. నా బొట్టు చూసి, "నువ్వు దేవుడికి మొక్కుతావు, నేను ఎలక్ట్రానుకు మొక్కుతా. ఇద్దరమూ చూసింది లేదులే" అనేవారు. సైన్సు బీరువా తాళంచెవి మాత్రం నాకే ఇచ్చినారు. "దేవుడికి భయపడే పిల్ల. నీ దగ్గరే ఉండనీమ్మా" అన్నారు.

అది కొయ్య బీరువా. కింద గాజు గొట్టాలు, త్రాసు, స్పిరిటు సీసా. పైఅరలో వెడల్పు మూతి సీసా ఒకటి. దాన్నిండా కిరసనాయిలు, అందులో మునిగి బూడిదరంగు రాయిలాంటిది.

"అదేమి సార్?"

"సోడియం. దాని కథ వచ్చే పాఠంలో చెప్తా. అంతదాకా దాన్ని ముట్టద్దు."

నేను దాన్ని ముట్టలేదు. దాని చుట్టూ ఉన్నదాన్ని ముట్టినాను.

ఆ ఏడు రాగికోతల కాలంలో ఏనుగులు ఎక్కువగా దిగినాయి. రేషనులో ఇచ్చిన కిరసనాయిలంతా వాటిని తరిమే మా నాయన కాగడాలకే సరిపోయింది. ఇంట్లో బుడ్డిదీపానికి చుక్క లేదు. సందేళకు తమ్ముడూ చెల్లెలూ పుస్తకాలు పట్టుకొని పొయ్యి ముందర చేరేవాళ్ళు. తమ్ముడు అక్షరాల మీద వేలు పెట్టి చదివేవాడు. మంట తగ్గినప్పుడల్లా వాక్యం నడుమ ఆగిపోయేవాడు. నేను పెద్దదాన్ని. చూస్తా ఉండలేకపోయినాను.

మొదటి దినం ఒక సిరాబుడ్డికి వంచుకున్నాను. రెండు దినాలకు మళ్ళీ వంచుకున్నాను. రేషను రాగానే తిరిగి పోసేద్దామనే అనుకున్నాను. రేషను వచ్చింది. అదీ కాగడాలకే పోయింది. సీసాలో రాయి తల బయటపడింది. రాయే కదా, ఆరితే ఏమవుతాది అనుకున్నాను. కడపటిసారి ఎవరో వస్తాండే అలికిడి వినబడి, సీసా మూత సరిగ్గా బిగించకుండానే బీరువా వేసేసినాను.

మూడో దినం తుపాను ముసురు పట్టింది. బడి పెంకులు కారినాయి. కారిన నీళ్ళు బీరువా పైపలక నెర్రెలోంచి లోపలికి దిగినాయి. మధ్యాహ్నం గంటకు ముందు టప్పుమని శబ్దమైంది. బీరువా సందుల్లో పచ్చటి మంట, పసుపు కొమ్ములాంటి పచ్చన. పిల్లలు నీళ్ళకుండ ఎత్తుకొని ఉరికినారు.

"నీళ్ళొద్దు. మట్టి తెండి, మట్టి" అని సారు అరిచినారు. ఆయన అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. తలుపు లాగి, కుడిచెయ్యి లోపల పెట్టి, స్పిరిటు సీసాను బయటికి తీసినారు. పక్కగదిలో చిన్నతరగతుల పిల్లలు ఉండినారు. ఎవరికీ ఏమీ కాలేదు. సారు చెయ్యి కాలింది.

వారానికి విద్యాశాఖ ఆఫీసునుంచి ఒకాయన విచారణకు వచ్చినాడు. ఆయనకు నీళ్ళ గ్లాసు పట్టుకొని నేను వాకిట్లో నిలబడి ఉన్నాను.

"సీసాలో కిరసనాయిలు ఎందుకు తగ్గింది?"

"నేను చూసుకోలేదు సార్" అన్నారు మా సారు.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే."

తాళంచెవి నా పావడ ముడిలో ఉంది. గ్లాసు ఇచ్చి వెనక్కి వచ్చినాను.

ఆ మరుదినమే ఆయన సోడియం పాఠం చెప్పినారు. కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో బోర్డు మీద గుండ్రాలు గీస్తే అవి గుమ్మడికాయల్లా వచ్చినాయి. ఎవరూ నవ్వలేదు.

"సోడియానికి బయటి వరసలో ఒకే ఒక్క ఎలక్ట్రాను. దాన్ని ఎవరికైనా ఇచ్చేయల్లని దాని తపన. నీళ్ళు తగిలినా ఇచ్చేస్తాది. ఆ ఇయ్యడంలోనే మంట. అందుకే నూనెలో దాచిపెడతాం. మంట పుట్టిందని దాన్ని తిట్టద్దప్పా, దాని గుణం అది. క్లోరిను ఉండాదే, దానికి ఒకటి తక్కువ. ఇది ఇస్తాది, అది తీసుకుంటాది. ఇచ్చింది ప్లస్సు అవుతాది, తీసుకున్నది మైనస్సు."

నాకు అర్థం కాలేదు. లేచి అడిగినాను. "ఇచ్చినదానికి కదా సార్ తగ్గేది? అది మైనస్సు కావల్ల కదా?"

సారు నా వైపు చూసినారు. "దాని దగ్గరనుంచి పోయింది మైనస్సు గదమ్మా. లోపల ప్రోటాన్లు ఉన్నవి ఉన్నట్టే ఉండాయి. కాబట్టి ఇచ్చింది ప్లస్సు." జేబులోకి ఎడమచెయ్యి పోనిచ్చి, రెండు శెనక్కాయలు నా బల్ల మీద పెట్టినారు.

తరవాత ఉప్పు సంగతి చెప్పినారు. ఒకటి కాల్చేది, ఇంకొకటి ఊపిరి ఆడకుండా చేసేది. రెండూ ఒకటైతే మనం సంగటిలో వేసుకునే ఉప్పు. ఇచ్చి పుచ్చుకోకుండా పంచుకునే బంధం ఇంకొకటి ఉండాదన్నారు. "చలికాలం ఒకే కంబళి ఇద్దరు కప్పుకున్నట్టు. చెరొక కొస పట్టుకోవల్ల. ఒకడు లాక్కుంటే బంధం తెగుతాది, ఇద్దరికీ చలే."

నేను ఆ శెనక్కాయలు తినలేదు. దేవుడి గూట్లో పెట్టినాను. పురుగు పట్టి పోయినాయి.

నెలలోపల సారుకు ఊత్తంగరై పక్కకు బదిలీ వచ్చింది. జిల్లాకు ఆ కొస. ఆడ పాఠమంతా తమిళంలో చెప్పవలసి వచ్చింది. ఎలక్ట్రాన్లకు తెలుగులో కంబళి కప్పిన మనిషి. మా బడికి రెండేండ్లు సైన్సు సారు రాలేదు. మా తరగతిలో సగంమంది పదిలో సైన్సు తప్పినారు. అదీ నా లెక్కలోదే.

పోయే ముందు ఒక సందేళ మా ఇంటికి వచ్చినారు. ఏనుగులు వెనక్కి పోయినాక మిగిలిన రేషనుతో తమ్ముడు బుడ్డిదీపం ముందర చదువుకుంటాన్నాడు. దీపం పక్కన ఆ సిరాబుడ్డి, కిరసనాయిలు వాసన ఇంకా పోలేదు. సారు కూర్చొని ఆ బుడ్డిని ఎడమచేత్తో తీసినారు, చూసినారు, మళ్ళీ అదే చోట పెట్టినారు.

"ఏం చదవతాండావప్పా?"

"చరిత్ర సార్."

"చదువు. గట్టిగా చదువు, నేనూ వింటా."

వాడు చదివినంతసేపు విన్నారు. తరవాత చెప్పులు వేసుకొని పోయినారు. ఆయనకు తెలిసిందో లేదో నాకు నలభై ఏండ్లుగా తెలీదు.

నలభై ఏండ్లూ నేను దేవుడికి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన తిరిగి ఏమీ అడగడు.

నా కాపురం హోసూరులో. రిటైరయినాక సారు మత్తిగిరిలో ఇల్లు కట్టుకున్నారని తెలిసింది. ఆటోలో పోయేంత దూరం. ఈ ఏకాదశి పోనీ, ఈ కార్తీకం పోనీ అనుకుంటా మూడేండ్లు జరిపినాను. ఒకసారి బస్టాండులో ఆయనే కనబడినారు. నమస్కారం పెడితే ఆయన చేతులు జోడించినారు. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకునే ఉండినాయి.

"ఏమ్మా లీడరూ. తమ్ముడు బాగా చదువుకున్నాడా?"

"చదువుకున్నాడు సార్. ఇంజినీరు."

"చాలమ్మా."

నా బస్సు వచ్చింది. ఎక్కినాను. తరవాతి బస్సు పది నిమిషాలకే ఉండేది.

కబురు తెలిసిన మరుదినం మత్తిగిరికి పోయినాను. పొయ్యి వెలిగించని ఇల్లు కదా అని సంగటీ పప్పుచారూ చేసి తీసుకుపోయినాను. సారు భార్య ఫోటో ముందర చాప మీద కూర్చొని ఉంది. ఫోటో పక్కన దీపం. నేను తట్ట పెడితే సంగటి వైపు చూసింది.

"ఆయన దీన్ని చెంచాతో తినేవాడమ్మా. ముద్ద చేసేదానికి వేళ్ళు తెరుచుకునేవి కావు. సంగటిని చెంచాతో తినే మగవాణ్ణి యాడన్నా చూసినావా? నేను నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు."

నేను ఆమె ముందర కూర్చున్నాను. సిరాబుడ్డి నుంచి తాళంచెవి దాకా అంతా చెప్పినాను. చెప్పేదానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంత చిన్నదాన్ని ఇన్నేండ్లు ఎట్లా మోసినానో.

ఆమె ఏడవలేదు, కోపం చెయ్యలేదు.

"నాకు చెప్తే ఏం లాభమమ్మా? ఆయనకు చెప్పవలసింది."

"అవునమ్మా."

"ఆయనకు తెలుసో లేదో నాకూ తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు."

బయట ఎవరో బండి ఆపి, మళ్ళీ తీసుకొని పోయినారు. ఆమె దీపం వైపు చూసింది. గోడవార ఉన్న నూనెసీసాను నా వైపు జరిపింది.

"నూనె తగ్గింది. నువ్వే పొయ్యమ్మా."

సీసా మూత తీసినాను. ప్రమిదలో వత్తి మొదలు బయటపడి ఉంది. సన్నగా వంచినాను. నూనె మెల్లగా పైకొచ్చి వత్తి మొదలును కప్పింది. ఒక్క క్షణం మంట తగ్గి, మళ్ళీ నిలబడింది. ప్రమిద అంచు దాకా నిండినాక, మూత బిగించినాను. బిగిసిందో లేదోనని ఇంకొకసారి తిప్పి చూసినాను.