పొగగదిలో నాలుగు కుర్చీలు

మా నాన్న హిన్నెర్క్, జర్మనీలోని రోస్టాక్ ఊరి విమాన కర్మాగారంలో కుర్చీలకు మెత్తలు కుట్టేవాడు. తాను గంటసేపు కూర్చుని చూశాకే కుర్చీ అడుగున తన పేరు రాసేవాడు. యుద్ధ విమానాలు కట్టకూడదని జర్మనీ మీద నిషేధం ఉన్న రోజులవి; ఆ ఏడు కొత్త ప్రయాణికుల విమానంలో, చుట్టలు కాల్చుకునే గదికి నాలుగు కుర్చీలు బిగించమన్నారు. కూర్చుంటే మోకాళ్లు గోడకు కొట్టుకున్నాయి.

"గోడ జానెడు జరపవయ్యా డీర్క్! జనం మోకాళ్లు ఇంట్లో పెట్టి రావాలా?" అని పక్కింటి ఇంజనీరు మీద మండిపడ్డాడు.

"జరగదు మామా, ఎన్నిసార్లు చెప్పాలి? కుర్చీలు మాత్రం చిటికెలో ఊడి రావాలి."

"ఊడదీసి ఏం పెడతారు? బంగాళాదుంప బస్తాలా?"

డీర్క్ గొంతు తగ్గించాడు. "బాంబులు. గది కొలతలు వాటివే."

నాన్న నాలుగు కుర్చీలూ బిగించాడు. ఒక్కదాని అడుగునా పేరు రాయలేదు.